పదకొండు తూటాలు, ఒక ఖాళీ గూడు

"మీకు గంట టైముంది. రెండు నుంచి మూడు దాకా," అన్నాడు క్రెయిగ్ బ్రాన్‌వెల్, కుర్చీ చూపించకుండానే. "జడ్జి ఇమ్మన్నాడు కాబట్టి ఇస్తున్నాను. నాకు ఇష్టమై కాదు."

"నేనూ సరదాకి రాలేదు. నేపర్‌విల్ నుంచి గంటన్నర డ్రైవ్ చేశాను," అన్నాను.

అప్పటికే రెండు దాటి మూడు నిమిషాలైంది. శనివారం. సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి, నేరం మోపాలో వద్దో తేల్చే గ్రాండ్ జ్యూరీ కూర్చుంటుంది. ఆలోపు నా చేతికి ఏమీ దొరక్కపోతే, ఇరవై నాలుగేళ్ళ దేదీప్య మీద నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీసిందన్న కేసు ఖాయం. చదువు పోతుంది, వీసా పోతుంది, జైలు మిగులుతుంది. ఆ పిల్ల తరఫు లాయరు నన్ను పెట్టుకున్నది ఇందుకే. నా పేరు దమయంతి. పద్దెనిమిదేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, ఇప్పుడు సొంత డిటెక్టివ్ లైసెన్స్ మీద పనిచేస్తున్నాను. మెత్తగా మాట్లాడతానన్న పేరు నాకెప్పుడూ లేదు.

జరిగింది ఇది. బ్రాన్‌వెల్ కార్ట్రిడ్జ్ కంపెనీ వేట తూటాలు చేస్తుంది. ఈ ఏటికి వందేళ్ళు. కంపెనీ చరిత్ర పుస్తకం కోసం పాత కాగితాలన్నీ స్కాన్ చేసే పనికి దేదీప్యని పెట్టుకున్నారు. పన్నెండు రోజుల కిందట, వందేళ్ళ పండగలో, స్థాపకుడి తుపాకీతో ఒక్క గుండు పేల్చాలి. పేల్చింది వాల్ట్ కెస్లర్. డెబ్భై ఎనిమిదేళ్ళవాడు, యాభై ఒక్క ఏళ్ళు ఇక్కడే పనిచేసి ఆ చరిత్ర రాస్తున్నవాడు. తుపాకీ గొట్టం పగిలి ఒక ముక్క మెడలో దిగింది. అంబులెన్స్ వచ్చేసరికి అంతా అయిపోయింది.

కారణం షెరీఫ్ ఆఫీసు రెండు రోజుల్లో తేల్చింది. అది పన్నెండు గేజ్ తుపాకీ, గేజ్ అంటే గొట్టం లావు కొలత. దాని గొట్టంలో ముందే ఎవరో ఇరవై గేజ్ తూటా వేశారు. ఇరవై అంటే పెద్దది కాదు, చిన్నది. పన్నెండు గొట్టంలో వేస్తే లోపలికి జారిపోయి మధ్యలో ఇరుక్కుంటుంది, బయటికి గొట్టం ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనక అసలు తూటా పెట్టి పేలిస్తే గొట్టం బద్దలవుతుంది. కంపెనీ మ్యూజియం అరలో ఉండాల్సిన పాత ఎర్ర ఇరవై గేజ్ తూటా ఒకటి కనిపించడం లేదు. అర తాళం దేదీప్య దగ్గర ఉంది. ముందు రోజు సాయంత్రం నాలుగూ నలభై రెండుకి ఆమె తుపాకీ తెరిచి ఫోటోలు తీసింది. తుపాకుల గురించి తెలియని పిల్ల ఫోటో కోసం ఏదో తూటా వేసి మర్చిపోయింది అన్నారు. కేసు ముగించారు.

"స్టేజి ఎక్కేలోపు తుపాకీని ఎవరెవరు ముట్టుకున్నారు?" అని క్రెయిగ్‌ని అడిగాను. స్థాపకుడి మనవడు, ఇప్పటి ప్రెసిడెంటు. ఇంగ్లీషు నమిలి నమిలి మాట్లాడతాడు.

"వాల్ట్ తుడిచాడు. గొట్టం మూతికి ఎర్ర లక్క కాగితం అంటించాడు. ఆ కాగితాన్ని చీల్చుకుంటూ గుండు పోవాలి, అది మా ఆనవాయితీ. తర్వాత మీ అమ్మాయి ముట్టుకుంది."

"మీ ఉద్యోగి."

"మాజీ ఉద్యోగి."

"ఇంకో ఆనవాయితీ కూడా ఉంది కదా. మీ తాతగారి మాట, కింది అంతస్తు గోడ మీద చెక్కించారు. బ్రాన్‌వెల్ చెయ్యి నింపాలి, పనివాడి చెయ్యి పేల్చాలి అని. పొద్దున్నే మీ ఇంటివాళ్ళు తూటా నింపి పెడతారు. ఈసారి ఎవరు నింపారు?"

"ఎవరూ నింపలేదు. సేఫ్టీ కోసం ఈ ఏడు మానేశాం. స్టేజి మీదే నింపుకోమని వాల్ట్‌కి చెప్పాను."

"చెప్పినట్టు ఎవరైనా విన్నారా?"

"వాల్ట్ విన్నాడు."

"చచ్చిపోయినాయన్ని సాక్ష్యం పెట్టుకున్నారు. బాగుంది. ఆ ఉదయం ఏడూ నలభైకి మీరు మ్యూజియంలో ఉన్నారా?"

"లేను. తొమ్మిదిన్నరకి అందరితో పాటు వచ్చాను."

సమాధానం నా ప్రశ్న పూర్తవకముందే వచ్చింది. స్టేజి మీదికి తూటాల ట్రే తీసుకోవడానికి వచ్చిన దేదీప్య, ఏడూ నలభైకి ఆయన ఆ గదిలోంచి బయటికి రావడం చూసింది. షెరీఫ్ మనిషికీ చెప్పింది. నేరం మోపబడ్డ పిల్ల మాటా, ప్రెసిడెంటు మాటా పక్కపక్కన పెడితే ఎవరిది చెల్లుతుందో వేరే చెప్పక్కర్లేదు.

"మీ పండగ వీడియో నలభైసార్లు చూశాను," అన్నాను. "వాల్ట్ స్టేజి మీద తుపాకీ తెరుస్తాడు. లోపలికి చూస్తాడు. రెండు క్షణాలు ఆగుతాడు. మీ వైపు తిరిగి, నవ్వి, తల అడ్డంగా ఊపుతాడు. అప్పుడు ట్రేలోంచి తూటా తీసుకుంటాడు. స్టేజి మీదే నింపుకోమని మీరు ముందే చెప్పి ఉంటే, ఖాళీగా కనిపించినందుకు మీ వైపు చూసి తల ఊపడం దేనికి?"

క్రెయిగ్ మెడ ఎర్రబడింది. "ఇక మా వాళ్ళ సమక్షంలోనే మాట్లాడండి," అని తలుపు తీశాడు.

తలుపవతల నిలబడ్డవాణ్ణి చూడగానే నాకు ఒళ్ళు మండింది. రాజ్. నా దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకుని, ఐదేళ్ళ కిందట నా క్లయింట్లలో సగం మందిని వెంటేసుకుని పోయినవాడు. ఇప్పుడు బ్రాన్‌వెల్ లాయర్ల తరఫున రిపోర్టు రాసింది వీడే. క్రెయిగ్ మమ్మల్ని మ్యూజియం గదిలో వదిలి, మూడింటికల్లా పంపించెయ్యమని రాజ్‌కి చెప్పి వెళ్ళిపోయాడు.

"నమస్తే మేడమ్," అన్నాడు రాజ్. ఒకప్పుడు అక్కా అనేవాడు. "టైం వేస్ట్ చేస్కుంటున్నరు. కేస్ ఎప్పుడో క్లోజ్ అయింది."

"నీ రిపోర్టు చదివాను. ఆ పిల్లతో తెలుగులో మాట్లాడి, అన్నలా ఓదార్చి, ఫోన్‌లో రికార్డు చేశావు. 'నావల్లే పోయారు' అని ఏడిస్తే, అదే కన్ఫెషన్ అని ఇంగ్లీషులో రాసిచ్చావు. మన ఇళ్ళల్లో ఎవరు పోయినా ప్రతివాళ్ళూ అనే మాట అది. మీ నాన్న పోయినప్పుడు నువ్వు నా ముందు ఎన్నిసార్లు అనలేదు?"

వాడి ముఖం మాడిపోయింది. "తెలుగు పిల్ల అని కేస్ మార్చుమంటరా?"

"తెలుగు పిల్ల కాబట్టే కదా నీకు ఈ పని దొరికింది."

"మీకు క్లయింట్లు లేక కడుపుమంట మేడమ్. గంతే."

ఇంకా నాలుగు తగిలించేదాన్నే గానీ, అప్పటికే రెండూ ఇరవై అయింది. అర దగ్గరికి వెళ్ళాను. అద్దం కింద పన్నెండు గూళ్ళు. పదకొండింట్లో వరసగా ఎర్ర ఇరవై గేజ్ తూటాలు, అట్ట గొట్టాలవి, 1959కి ముందువి. ఏడో గూడు ఖాళీ. గ్లవ్స్ తొడుక్కుని ఒకదాన్ని తిరగేశాను. తూటా అడుగున ఇత్తడి బిళ్ళ మధ్యలో పప్పుగింజంత ప్రైమర్ ఉంటుంది. తుపాకీ పిన్ను దాన్ని కొడితేనే తూటా పేలుతుంది. దీనికి ప్రైమర్ లేదు, చిల్లు మాత్రమే ఉంది. రెండోదీ అంతే. పదకొండూ తిరగేశాను. పదకొండింటికీ చిల్లే.

"ఇటు రా. దీన్ని చదువు," అన్నాను రాజ్‌తో.

అర పక్కనే ఫ్రేములో స్థాపకుడి సంతకంతో 1938 నాటి ఆర్డరు వేలాడుతోంది. ప్రదర్శనకి పెట్టే ప్రతి తూటాకీ ప్రైమర్ ఊడగొట్టి, మందు తీసేసి పెట్టాలి, ఇందులో మినహాయింపు లేదు అని.

"అయితే ఏంది?"

నిన్న సాయంత్రం షెరీఫ్ ఆఫీసు నుంచి లాయరు తెప్పించిన ఫోటో తీసి వాడి ముక్కు కింద పెట్టాను. పగిలిన గొట్టంలో దొరికిన ఇరవై గేజ్ ఇత్తడి బిళ్ళ. మధ్యలో ప్రైమర్ భద్రంగా ఉంది. పక్కన, బిళ్ళకి కరిగి అంటుకున్న ఎర్రటి తునక.

"వాల్ట్‌ని చంపిన తూటాకి ప్రైమర్ ఉంది. ఇక్కడివి వేటికీ లేవు. ఇక్కడివన్నీ అట్టవి, ఆ తునక ప్లాస్టిక్‌ది. అట్ట కాలుతుంది, కరగదు. ఈ గూట్లో పోయిన తూటా తుపాకీలోకి వెళ్ళలేదు రాజ్. ఆ పిల్ల మీదకి తోసెయ్యడానికి ఎవరో తర్వాత తీసి జేబులో వేసుకున్నారు."

రాజ్ ఫోటోని చాలాసేపు చూశాడు. నేర్పిన పని ఎక్కడికి పోతుంది, వాడికి అర్థమైంది. కానీ ఒప్పుకుంటే ఫీజు మాట ఏమిటి?

"ఒక్కదానికి ప్రైమర్ తీయడం మర్చిపోయిన్రేమో. ప్లాస్టిక్ అంటరా, ల్యాబ్ రిపోర్ట్ రానియ్యండి."

"ల్యాబ్ రిపోర్టు మూడు వారాలకి వస్తుంది. గ్రాండ్ జ్యూరీ ఎల్లుండి."

"అది నా ప్రాబ్లం కాదు."

"నీకు తుపాకుల గురించి ఏం తెలుసని రిపోర్టు రాశావసలు? ఈ దేశంలో ఇరవై గేజ్ తూటా ఏ కంపెనీదైనా పసుపు రంగులో ఉంటుంది, ఎందుకో తెలుసా? తండ్రి చేతిలో పన్నెండు, పిల్లల చేతిలో ఇరవై, ఇద్దరి తూటాలూ ఒకే జేబులో. రంగు ఒకటైతే చెయ్యి పొరపాటు పడుతుంది. పసుపైతే చూడగానే తెలుస్తుంది. ఈ కంపెనీ కూడా 1959లో అందుకే ఎరుపు మానేసింది. అంటే కొత్త ప్లాస్టిక్ ఎర్ర ఇరవై అనేది భూమ్మీద ఉండకూడదు. మరి అది ఎక్కణ్ణించి వచ్చింది?"

"క్లాస్ అయిపోయిందా?" అన్నాడు వాడు. "మీ పద్ధతి మారదు మేడమ్. అందరూ మూర్ఖులు, మీరొక్కరే తెలివైనోళ్ళు. అందుకే మీ దగ్గర ఎవ్వరూ నిలబడరు."

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు కనబడనివ్వలేదు. "నువ్వే ఆలోచించుకో, తర్వాత ఫోన్ చేస్తాను," అన్నాను.

"చేసినా రాదు." నా ముందే జేబులోంచి ఫోన్ తీసి, నా నంబర్ బ్లాక్ చేసి, స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు.

అంతలో తలుపు తోసుకుని వాడి కూతురు వేద వచ్చింది. పదమూడేళ్ళది. చివరిసారి చూసినప్పుడు నా మోకాలి దాకా ఉండేది. చేతిలో రిబ్బను కట్టిన బరువైన సంచి.

"హాయ్ దమయంతి ఆంటీ! నాన్నా, రిసెప్షన్ లేడీ ఇది ఇచ్చింది. పార్టీలో ఇచ్చే గిఫ్ట్ బ్యాగ్ అంట, లాస్ట్ వన్ అంట. కప్‌బోర్డ్‌లో ఉండిపోయింది అంట."

"థాంక్స్ చెప్పినవా? పోదాం పా. ఫోర్‌కి షూటింగ్ రేంజ్ బుక్ అయింది." వాడు నా వైపు చూడకుండానే అన్నాడు. "రేపు కిడ్స్ హంట్, స్టేట్ మొత్తం పిల్లలు వేటకి పోతరు. బిడ్డకి ప్రాక్టీస్ చేయించాలె."

సంచిలో ఏముందో నేను అడగలేదు. మూడింటికి నన్ను బయటికి పంపించారు. ఆ నిమిషం నాకు కోపమే తప్ప కళ్ళు లేవు.

పార్కింగ్‌లో కార్లో కూర్చుని ఇంకోసారి ఫోటోలన్నీ చూశాను. ప్లాంటుకి వచ్చిపోయేవాళ్ళ పేర్లు, టైములు, స్కాన్ లిస్టులు, అన్నీ తిరగేశాను. మూడూ నలభైకి దేదీప్యకి ఫోన్ చేశాను. కాలికి కోర్టు కట్టిన మానిటర్‌తో అపార్ట్‌మెంట్‌లోనే ఉంది.

"దేదీప్యా, ఒక్కటే అడుగుతాను. ఈ కంపెనీ ఇప్పుడు ఎర్ర రంగులో ఇరవై గేజ్ ఏదైనా చేస్తోందా?"

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది.

"నిన్నే."

"అది చెప్పకూడదు ఆంటీ."

"ఏమిటి?"

"ఎన్డీఏ సైన్ చేశాను, కంపెనీ రహస్యాలు బయటపెట్టనని. కొత్త ప్రొడక్ట్ గురించి లాంచ్ దాకా బయట చెప్తే లీగల్ యాక్షన్ అని ఉంది. అసలే జాబ్ పోయింది. అది కూడా బ్రేక్ చేస్తే స్టేటస్ పూర్తిగా పోతుందేమోనని..."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జైలుకి పోయే పిల్ల కాగితం మీద చేసిన సంతకానికి భయపడుతోంది. పన్నెండు రోజులుగా లాయరుకీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. వీసా మీద బతికేవాళ్ళకి తప్ప ఈ భయం అర్థం కాదు. నేనూ ఒకప్పుడు అలా బతికినదాన్నే, నేనే ముందు అడిగి ఉండాల్సింది.

"నిన్ను జైల్లో పెట్టాలని చూస్తున్నవాళ్ళ రహస్యం నువ్వు దాస్తున్నావే తల్లీ! లాయరుకి చెప్తే ఏ ఎన్డీఏ అడ్డు రాదు. చెప్పు."

ఏడుస్తూ చెప్పింది. వందేళ్ళ పండగకి క్రెయిగ్ ఒక ప్రత్యేకమైన పెట్టె చేయించాడు. పేరు తండ్రీ బిడ్డల పెట్టె. తండ్రికి పన్నెండు, బిడ్డకి ఇరవై, రెండూ తాతగారి కాలం నాటి ఎరుపులో. వాల్ట్ గొడవ చేశాడు. 1959లో ఎరుపు ఎందుకు మానేశారో ఆయనకి తెలుసు, ఆ ఏడాది చెయ్యి పోగొట్టుకున్న పిల్లవాడు ఆయన తమ్ముడే. ఆ సంగతి రాసిన పేజీని పుస్తకంలోంచి తీసేశారు. రంగు గురించి చట్టమేమీ లేదు, అది అలవాటు మాత్రమే అన్నాడట క్రెయిగ్. గుండు పేల్చాక మైకులో నేనే చెప్తానన్నాడట వాల్ట్.

"అయితే క్రెయిగ్ కావాలనే చంపాడా ఆంటీ?"

"కాదు," అన్నాను. అంతా ఒక్కసారిగా కనిపించింది. "ఏడూ నలభైకి ఆనవాయితీ ప్రకారం తూటా నింపడానికి వెళ్ళాడు. తన కొత్త ఎర్ర పెట్టెలోంచి ఒకటి తీసి వేశాడు. పన్నెండు అనుకున్నాడు, అది ఇరవై. జారి లోపలికి పోయింది. మూతికి లక్క కాగితం ఉంది కాబట్టి గొట్టంలో వెలుతురు రాదు, ఎవరికీ తెలియదు. స్టేజి మీద వాల్ట్ తెరిచి చూస్తే ఖాళీ. నింపడం మర్చిపోయావా అని క్రెయిగ్ వైపు చూసి నవ్వాడు, ట్రేలోంచి ఇంకోటి వేసుకున్నాడు. ఆ పెట్టె ఒక్కటి దొరికితే నువ్వు బయటపడతావు. గిఫ్ట్ బ్యాగుల్లో ఏం పెట్టారు?"

"అవే ఆంటీ. తండ్రీ బిడ్డల పెట్టెలే. యాక్సిడెంట్ అవగానే క్రెయిగ్ అన్నీ వెనక్కి తెప్పించేశారు."

అన్నీ కాదు. ఒకటి కప్‌బోర్డ్‌లో ఉండిపోయింది.

రాజ్‌కి ఫోన్ చేశాను. రింగ్ కూడా అవలేదు. మళ్ళీ చేశాను. మెసేజ్ పెట్టాను, పోలేదు. మూడూ యాభై ఎనిమిది. రేంజ్ తొమ్మిది నిమిషాల దూరం. 911లో పోలీసులకి చెప్పి, దేదీప్య లాయరుకి ఒక్క ముక్క చెప్పి, కారు తీశాను. వాడు చేసిన ద్రోహం అంతా ఆ దారిలో నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. వేద చేతిలో రిబ్బను సంచే కళ్ళముందు ఉంది.

నాలుగూ నాలుగుకి తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా." రాజ్ గొంతు. ఐదేళ్ళ తర్వాత. "వేద ఫోన్‌లకెల్లి చేస్తున్న. ఇరవై పసుపుండాలె అన్నవ్ గద? బిడ్డ తుపాకీల వేస్కుంటుంటే చూసిన. ఎర్రగున్నయ్. పన్నెండూ ఇరవై ఒకే బకెట్ల కలిపేసినం."

"నీ తుపాకీ ఎక్కడుంది?"

"చేతిలనే. రేంజ్ వాళ్ళు ఇచ్చిన పన్నెండు గేజ్ సింగిల్ బ్యారెల్. ఇందాక ఒకటి వేసిన. మళ్ల తెరిచి చూస్తే ఖాళీగ ఉన్నది. వెయ్యలేదేమో అనుకుని ఇంకోటి వేసి మూసిన." వాడి ఊపిరి వినిపిస్తోంది. "పేల్చబోతుంటే బిడ్డ చేతిల ఎరుపు కనబడ్డది."

"వేలు తియ్యి. బల్ల మీద పెట్టు, మూతి ఎవరూ లేని వైపు తిప్పి. వేదని తీసుకుని వెనక్కి నడువు."

"పెట్టిన. నడుస్తున్నం." కొన్ని అడుగుల చప్పుడు. తర్వాత గొంతు తగ్గింది. "అక్కా, క్రెయిగ్ వచ్చిండు. ఒక్కడే. రిసెప్షన్‌ల ఎవరో చెప్పినట్టున్నరు. బకెట్ కావాలంటున్నడు. ఇయ్యనన్న. తుపాకీ తీస్కున్నడు."

"ఎటు పట్టుకున్నాడు?"

"మా దిక్కే."

కారు పక్కకి ఆపాను. "స్పీకర్‌లో పెట్టు," అని ఇంగ్లీషులోకి మారాను. "క్రెయిగ్, నేను దమయంతిని. ఆ తుపాకీ పేలిస్తే చచ్చేది వాళ్ళు కాదు, మీరు. అందులో రెండు ఉన్నాయి. నమ్మకపోతే తెరిచి, గొట్టంలోంచి ఆకాశం వైపు చూడండి. ఈసారి మూతికి కాగితం లేదు."

తుపాకీ మధ్యకి విరిచిన టక్కుమన్న శబ్దం. ఒక తూటా నేల మీద పడి దొర్లింది.

"వెలుతురు రావట్లేదు," అన్నాడు క్రెయిగ్. చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"ఆ రోజు ఉదయం కూడా మీరు ఇలాగే వేశారు."

"పన్నెండే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, పన్నెండే అనుకున్నాను. వాల్ట్ నా వైపు చూసి నవ్వినప్పుడు నాకు తెలిసింది. అరవాలనుకున్నాను. నోరు రాలేదు."

"మ్యూజియం గూట్లో తూటా?"

"నేనే తీశాను."

"అక్కా," అన్నాడు రాజ్ తెలుగులో, మెల్లగా. "నా ఫోన్‌ల మొత్తం రికార్డ్ అయితున్నది."

దేదీప్య బయటపడ్డట్టే. వెంటనే ఆ పిల్లకి ఫోన్ చెయ్యాలని ఉంది. కానీ అడగాల్సింది ఇంకొకటి మిగిలింది, అడగాలంటేనే భయం వేసింది.

"క్రెయిగ్, ఆ పెట్టెలు ఎన్ని చేయించారు?"

"పదకొండు వేలు."

"ఎక్కడున్నాయి?"

"ఆపితే కారణం చెప్పాల్సొస్తుందని ఆపలేదు, గురువారమే లారీలు వెళ్ళిపోయాయి. ఇవాళ పొద్దుటి నుంచి షాపుల్లో అమ్ముతున్నారు."

ఫోన్‌లో వేద గొంతు సన్నగా వినిపించింది. "నాన్నా, కిడ్స్ హంట్ రేపు మార్నింగే కదా?"